మార్చియ్యని వాగ్దానం

ప్రైవేటుగా కట్టి రెండుసార్లు తప్పిన పదో తరగతి లెక్కల పరీక్షకు మళ్లీ బయల్దేరుతున్నాను. హాల్ టికెట్ దాచిపెట్టిన అమ్మ బైబిల్‌ని తెరిస్తే నా పాత వాగ్దానం కార్డు జారిపడింది.

కొత్త సంవత్సరం ఉదయం యలహంకలోని మా చర్చిలో పళ్లెం నిండా కార్డులు పెట్టి, ఆ ఏటికి దేవుని మాటగా తలా ఒకటి తీసుకోమనేవారు. తొమ్మిదేళ్ల నాకు భయపడవద్దన్న మాట వచ్చింది. ఆ రోజే నేను అందరి ముందు ఒక్కదాన్నే పాడాలి. ఏ ఆపదా లేకపోతే భయపడొద్దని ముందే ఎందుకు చెప్తారు?

పాస్టరమ్మ దగ్గరికెళ్లి, "ఇది మార్చియ్యండి. ఏదో పెద్దదే రాబోతా ఉండాది," అన్నాను.

ఆమె నవ్వింది. "మార్చేదానికి ఇదేమన్నా గాజుల అంగడా అప్పా? మా ఆయన్ని చూడు. ఇరవై ఏండ్లుగా ప్రసంగం చేస్తా ఉండాడు, ఇప్పటికీ మైకు ముందర చేతులు వణుకుతాయి."

అయ్యగారికే అంత భయమైతే నా గతేమిటో అర్థం కాలేదు. అయినా పాడాను. రెండో చరణం మరిచిపోయి మొదటిదే మళ్లీ పాడాను. అందరూ ఆమెన్ అన్నారు.

ఎనిమిదిలో లెక్కల భయంతో బడి మానేసినప్పుడు ఆ కార్డు అబద్ధమనుకున్నాను. ఇప్పుడు తిప్పి తిప్పి చదివాను. భయపడవద్దని ఉంది గానీ, భయం రాదని ఎక్కడా లేదు. పాసవుతానని అసలే లేదు.

రెండో లెక్క రాకపోతే మొదటిదే మళ్లీ చేద్దామని బస్సెక్కాను.