సగం గీకిన పనస పలక

ఎచ్చెర్ల దాటి నాలుగు కిలోమీటర్లు పోయాక బస్సు టైరు పేలింది. రైలు ఆగితే జనం పేకలు తీస్తారు, పడవ ఆగితే దెయ్యాల కథలు మొదలెడతారు, బస్సు ఆగితే డ్రైవర్ని తిడతారు. అన్ని దారుల్లోనూ ఇదే ఆచారం. ఆవేళ మాత్రం రోడ్డు పక్క వేపచెట్టు కింద ఒకడు గిటారు తీశాడు.

కిటికీ పక్కన కూర్చున్న నరసింగరావు మేష్టారు ఉలిక్కిపడ్డాడు. నిండుకుండలోంచి వచ్చినట్టుంది ఆ నాదం. ఒళ్లోని గుడ్డసంచీని గట్టిగా పట్టుకున్నాడు. అందులో దుప్పటి చుట్టిన పనస పలక ఉంది, తను చేయబోయే ఐదో గిటారుకి పైపలక.

ముప్పై ఏడేళ్లు విజయనగరం దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పి, ఎనిమిది నెలల కింద రిటైరయ్యాడు. శాలువా కప్పిన మర్నాడే తుప్పు పట్టిన ఉలి నూరాడు. కుర్రతనంలో ఒక పాత గిటారు విప్పి చూసి, సొంతంగా ఒకటి చేశాడు. ఉద్యోగం రాగానే దాన్ని నరసన్నపేట మనిషెవరికో అమ్మేశాడు. "ఈ బడి లేకపోతేనా..." అనేవాడు తర్వాత. ఆ మాట మీదే అన్నేళ్లూ బతికాడు. తీరా బడి లేకుండా పోయాక చేసిన మూడు గిటార్లూ మూగవే. మూడోదాన్ని మీటితే భార్య తాయారు వంటింట్లోంచి, "డబ్బాలో అటుకులు పోసినారేటి?" అని అడిగింది.

ఇప్పుడీ నాదం. బస్సు దిగి దగ్గరికెళ్లాడు. గిటారు తల మీద చిన్న సొట్ట కనపడింది. ఉలి జారి పడిన సొట్ట, ఉలి తనదే. సెల్‌ఫోను వెలుగులో లోపలికి చూస్తే పెన్సిలు రాత: న.రా., 1988.

"ఇది చేసింది నేనేనయ్యా!" అన్నాడు మేష్టారు.

"మీరేనేటి మేష్టారూ!" అన్నాడు వాయించేవాడు. పేరు గిరిబాబు, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయిస్తాడు. "మా మావ కొన్నాడండి మీ కాడ."

"చూశావా ఎలా పలుకుతోందో!"

"ఇప్పుడు పలుకుతన్నాది గానండి, అప్పుడు పలికీది కాదు. మావ అటక మీద పడీసినాడు. తుపానుకి తడిసి పైపలక ఊడిపోనాది. మా పేటలో సూరయ్యని ఒకడున్నాడు, తలుపులు సేస్తాడు, ఆడు గీకి గీకి మళ్లా అతికించినాడు. అప్పుడొచ్చింది ఈ గొంతు."

పొరుగువాడి మేడ చూసి అసూయ పుడుతుందని పెద్దలు రాశారు. మేడైతే కళ్లు మూసుకోవచ్చు. తను కన్నబిడ్డకి పరాయివాడు మాటలు నేర్పితే ఏం మూసుకోవాలి? బస్సు కదిలాక దారి పొడుగునా వెనక సీట్లోంచి ఆ గిటారు వినపడుతూనే ఉంది. మేష్టారికి చెవులు కాలాయి. నరసన్నపేటలో దిగి, పలకకి జోడు కర్ర కోసం కలప అడితికి పోవలసినవాడు సూరయ్య షెడ్డు అడ్రసు అడిగాడు.

సూరయ్య తలుపు చెక్కల మధ్య బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. తనెవరో మేష్టారు చెప్పలేదు. "గిరిబాబు గిటారు బాగు చేసింది నువ్వేనా?"

"అదాండి! ఎవుడో మేష్టరు సేసినాడంట బాబూ. పాపం, పలకంతా ఒక్కలాగే, మూడు మిల్లీమీటర్లు. బడిపిల్లలకి యూనిఫారాలు కుట్టించినట్టు! కర్ర ఎక్కడికక్కడ పల్సన నేకపోతే ఎలా పలుకుతాది?"

సంచీలోని పలక కూడా మూడు మిల్లీమీటర్లే. నిన్ననే వెర్నియర్ కాలిపర్స్‌తో ఇరవై చోట్ల కొలిచి మురిసిపోయాడు. దాన్ని బయటికి తీశాడు. సూరయ్య ఒక మూల పట్టుకుని, సంతలో పనసపండుని కొట్టి చూసినట్టు బొటనవేలి కణుపుతో కొట్టాడు.

"ముగ్గనేదు."

గాజుపెంకొకటి తీసి ఎడమ అంచు వెంట గీకాడు. పొట్టు ఊదాడు, కొట్టాడు, మళ్లీ గీకాడు. టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. ఎడమవైపు "ణం" అంది. కుడివైపు ఇంకా "టప్" అంటోంది.

"ఎంత మందం తీశావు?"

"నాకేటి తెలుసు బాబూ! నోరిప్పినదాకా గీకీడమే."

"పాటలు బాగా వింటావా?"

"అబ్బే, తలనొప్పండి నాకు."

రాత్రిళ్లు రేడియోకి చెవి ఆనించి పెరిగిన తనకి రాని విద్య, పాటంటే తలనొప్పి అనేవాడి బొటనవేలికి వచ్చింది! ఏ లెక్కన?

బయట ఎవరో ద్వారబంధం కోసం పిలిచారు. "కూకోండి బాబూ, రెండో పక్క కూడా గీకీస్తాను," అని సూరయ్య టేపు పట్టుకు వెళ్లాడు.

మేష్టారు పలకని చూశాడు. రెండో పక్క కూడా వాడే గీకితే గిటారు పలుకుతుంది, సందేహం లేదు. లోపల న.రా. అని రాసుకోవచ్చు కూడా. అప్పుడది రెండోసారి అబద్ధం.

పలకని దుప్పట్లో చుట్టాడు. నేల మీద నాలుగైదు గాజుపెంకులు పడున్నాయి. ఒకటి ఏరి జేబురుమాల్లో మడిచాడు. వంగి గుమ్మం కొలుస్తున్న సూరయ్య వెనకనుంచే బయటికి నడిచాడు.

"బాబూ, సగవే అయినాది!" కేక వినపడింది.

మేష్టారు తిరిగి చూడలేదు, వెళ్లొస్తానని చెయ్యీ ఎత్తలేదు. సంచీలో చెయ్యి పెట్టి, కుడి అంచుని కణుపుతో కొట్టుకుంటూ, చెవి వంచి, బస్సు కాంప్లెక్సు వైపు నడిచి వెళ్లిపోయాడు.