తొప్పై కాదు, పై

ఈ రోజు నా నోటి నుంచి వచ్చిన మాటకు నేనే అదిరిపోయాను.

పేగు ఆపరేషన్ తర్వాత మలం పోవడానికి నా పొట్టకు సంచి పెట్టారు. పంచె ముడి దాని మీద ఒత్తుతుంది, ఉబ్బు కనిపిస్తుంది. అందుకే ఏ శుభకార్యానికీ వెళ్లడం లేదు. ఈ రోజు మూలకుళంలో బామ్మర్ది కూతురి నిశ్చితార్థం, తప్పలేదు. కోడలు కుట్టించిన వదులైన పూల చొక్కా, బెల్టుకు బదులు భుజాల మీద పట్టీలున్న ప్యాంటు వేసుకొని వెళ్లాను. హాయిగానే ఉంది.

భోజనాల దగ్గర బామ్మర్ది అందరి ముందూ నా పొట్ట తట్టబోయాడు.

"ఏంది బావా, తొప్పై పెంచినావే!"

సంచి ఊడుతుందేమోనని బెదిరి అరిచేశాను. "తట్టొద్దురా! అది తొప్పై కాదు, పై!"

మా పుదుచ్చేరి మాటల్లో తొప్పై అంటే బొజ్జ, పై అంటే సంచి. పంక్తిలో అందరూ నా పొట్ట వైపే చూశారు. లేచి వెళ్లిపోదామనుకున్నాను.

వాడు నా చొక్కా అంచు పట్టుకొని చూశాడు. "యాడ కుట్టించినావు బావా? నాది నిజం తొప్పై. ఇది దాస్తాదా?"

అందరూ నవ్వారు. నేను రెండోసారి పాయసం అడిగాను.

మీలో సంచితో తిరిగేవాళ్లు ఏం వేసుకుంటారో చెప్పండి. సిగ్గుపడకండి, నా సంగతి మూలకుళమంతా తెలిసిపోయింది.