ఇత్తో మోసుకొచ్చిన మాటలు

ముప్పై ఏళ్ళు నేను చీటీల కిటికీ వెనక కూర్చున్నాను. మా పట్నం పెద్దాసుపత్రికి ఎవరొచ్చినా ముందు నా దగ్గర పేరు చెప్పాలి. ఎక్కడ నొప్పో విని, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో చీటీ మీద రాసివ్వడం నా పని. నేను రాసిన తప్పుడు చీటీలు ఎన్నో నాకే లెక్క తెలీదు. వాటిలో చాలావాటిని దిద్దిన మనిషి ఇత్తో.

ఇత్తో మా ఆసుపత్రిలో నేలలు తుడిచేది. పైన కొండల్లో దేవదారు దుంగ దొర్లి మొగుడు పోతే, ఏడాది కూతుర్ని వీపున కట్టుకుని పట్నం దిగింది. బడి మొహం చూడలేదు. అరబ్బీ కూడా ఇక్కడికొచ్చాకే నేర్చుకుంది. పదకొండేళ్ళలో ఆమె తడిగుడ్డ పెట్టని వార్డంటూ లేదు. ఎముకల డాక్టరు గదిలో కట్ల తెల్లపొడి, పిల్లల వార్డులో బిస్కెట్ల నుసి, కళ్ళ డాక్టరు వసారాలో గోడల నిండా తడుముకుంటూ నడిచినవాళ్ళ చేతిమరకలు. తుడుస్తూ తుడుస్తూ డాక్టర్లు అడిగే ప్రశ్నలన్నీ వినేది. రోగులు చెప్పే జవాబులూ వినేది. మా డాక్టర్లలో ఒక్కరికీ రాని, నాకు అరకొరగా మాత్రమే వచ్చిన కొండభాష ఆమెకు పుట్టుభాష.

మంగళవారం సంత. కొండవాళ్ళు లారీలెక్కి దిగేది ఆ రోజే. ఒక మంగళవారం హద్దా అవ్వ వచ్చింది. డెబ్బై దాటిన ముసలామె. అరబ్బీలో ఆమెకు వచ్చినవి రెండే మాటలు: "గుండె", "మంట". నేను గుండె డాక్టరుకి రాశాను. ఆ డాక్టరు గిజ్లాన్ స్కల్లీ, ఫెజ్ నగరం నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి, చాలా చురుకు. ఈసీజీ తీసి, గుండెకేమీ లేదని పంపేసింది. నెల తిరక్కుండా అవ్వ మూడోసారి వచ్చింది. మొహం సున్నం కొట్టినట్టుంది.

బెంచీ కింద తుడుస్తున్న ఇత్తో తలెత్తి కొండభాషలో అడిగింది. "అవ్వా, చెయ్యి పెట్టి చూపించు. ఎక్కడ?"

అవ్వ చెయ్యి డొక్కల కింద ఆగింది.

"తిన్నాక వస్తుందా, తినకముందా?"

"కడుపు ఖాళీగా ఉంటే చంపేస్తుంది తల్లీ. రొట్టెముక్క పడితే కాస్త నెమ్మదిస్తుంది. నాలుగు రోజులై దొడ్డికి తారులాగా నల్లగా వెళ్తోంది. చెప్పుకోడానికి సిగ్గు."

ఇత్తో గుడ్డ బక్కెట్లో పడేసి, చేతులు తుడుచుకుని, అవ్వని వెంటబెట్టుకుని డాక్టరు గది తలుపు తట్టింది. వెనకే నేనూ వెళ్ళాను.

"డాక్టరమ్మా, ఈవిడ గుండె అంటోంది గానీ కడుపు గురించి చెప్తోంది. మా వైపు రెంటికీ ఒకటే మాట. నాలుగు రోజులుగా నల్లగా వెళ్తోందట."

డాక్టరుకి కోపమొచ్చింది. "నేల తుడిచేవాళ్ళు రోగాలు చెప్పడం ఎప్పట్నుంచి మొదలైంది? ఇన్నేళ్ళు చదివి నేనెందుకు కూర్చున్నట్టు ఇక్కడ?"

ఇత్తో తల దించలేదు. "మీ చదువుకి వంక పెట్టడం లేదమ్మా. నేను రోగం పేరు చెప్పలేదు. ఆవిడ మాట మీదాకా మోసుకొచ్చాను, అంతే."

డాక్టరు అవ్వ పాలిపోయిన మొహం కేసి చూసింది. లేచి, అవ్వ కనురెప్ప కిందికి లాగి చూసి, తనే చెయ్యి పట్టుకుని పొట్ట డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. కడుపులో పుండు, దాన్నుంచి రక్తం కారుతోంది. ఆ పూటే రక్తం ఎక్కించారు. అవ్వ బతికింది.

మర్నాడు డాక్టరు నా కిటికీ దగ్గరికొచ్చి, "ఇత్తో ఎక్కడ?" అంది. మెట్ల దగ్గర దొరికింది. "నిన్న నోరు జారాను, మనసులో పెట్టుకోకు. మంగళవారాలు ఈ కిటికీ పక్కన నిలబడతావా?"

"నిలబడతాను. మరి నేలలు?"

"నేలల సంగతి నేను మాట్లాడతాను."

అలా మొదలైంది. మోకాలు నొప్పని వస్తే నేను కళ్ళు మూసుకుని ఎముకల డాక్టరుకి రాసేదాన్ని. ఇత్తో ఆపేది. "పడ్డావా వదినా? పడలేదా? పొద్దున లేచేసరికి వేళ్ళు కూడా బిగుసుకుపోయి మధ్యాహ్నం దాకా విడవవా?" నా వైపు తిరిగి, "జుహోరూ, ఈవిడకి కీళ్ళవాతం డాక్టరు." కాలి మీద పుండు ఎన్నాళ్ళకీ మానకపోతే చర్మం డాక్టరుకి రాయనిచ్చేది కాదు. దాహం ఎక్కువా, రాత్రి ఎన్నిసార్లు లేస్తావు అని అడిగి, షుగరు డాక్టరు పేరు రాయించేది. గుమాస్తాలు ఆమెకు 'చీపురు డాక్టరు' అని పేరు పెట్టారు. "చీపురు పట్టకుండా మీ గదులు ఎలా ఉంటాయో ఒక వారం చూద్దామా?" అనేది నవ్వుతూ. తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

బాసూ వచ్చింది చలికాలంలో. కంచరగాడిద మీద వాల్‌నట్ కాయలు దించే మనిషి. పొట్ట పైభాగం పట్టుకుని, "ఇక్కడ బిగిస్తోంది" అన్నాడు. హద్దా అవ్వ సంగతి చూశాక నేను ఆరితేరిపోయాననుకున్నాను. పొట్ట డాక్టరని రాసి, చీటీ చించి చేతికివ్వబోయాను.

"ఆగు జుహోరూ," అంది ఇత్తో. "అన్నా, తిండికీ దీనికీ ఏమన్నా సంబంధం ఉందా?"

"లేదమ్మా. ఎత్తు ఎక్కితే వస్తుంది, నిలబడితే పోతుంది. ఇవాళ నిలబడ్డా పోవట్లేదు. దవడ కూడా లాగుతోంది."

బయట మంచు పడుతోంది. అతని నుదుటి మీద చెమట. ఇత్తో ఇంకేమీ అడగలేదు. చక్రాల కుర్చీ లాక్కొచ్చి అతన్ని కూలేసి, వరస మొత్తాన్ని తోసుకుంటూ గుండె డాక్టరు గదిలోకి నెట్టుకెళ్ళింది. ఈసారి స్కల్లీ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. ఈసీజీ కాగితం బయటికి వస్తుండగానే ఫోను అందుకుంది. గుండెపోటు. మందిచ్చి, అంబులెన్సులో పెద్ద నగరానికి పంపారు. వసంతంలో బాసూ తన కాళ్ళ మీద నడిచి ఒక బస్తా వాల్‌నట్‌లు తెచ్చి ఇత్తో ముందు పెట్టాడు. ఆమె చెయ్యి నెత్తిన పెట్టుకున్నాడు.

ఆ తర్వాత స్కల్లీ రెండేళ్ళు ఉత్తరాలు రాసి రాసి, చివరికి ఇత్తోకి రోగుల మాట డాక్టర్లకి చెప్పే దుబాసీ ఉద్యోగం వేయించింది. మెడలో వేసుకునే కార్డు వచ్చింది. "ఏం రాసుంది?" అని నన్ను రెండుసార్లు చదివించుకుంది. మూడోసారి తన పేరున్నచోట వేలు పెట్టి, తనే చదివినట్టు చదివింది.

నేను రిటైరయ్యే ఏడాది తొమ్మిదిమంది కొత్త డాక్టర్లు వచ్చారు. వాళ్ళకి కొండభాషలో ఒంటికి సంబంధించిన మాటలు నేర్పమని ఇత్తోని సమావేశం గదిలో నిలబెట్టారు. ఒక కుర్ర డాక్టరు లేచాడు. "అమ్మా, నిన్న ఒకావిడ తన కార్జం కాలిపోయిందంది. కాలేయానికి రక్తపరీక్ష రాశాను. అంతా బాగానే ఉంది."

"రాయకు నాయనా," అంది ఇత్తో. "మా భాషలో బిడ్డని కార్జం అంటాం. ఆవిడ బిడ్డ పోయింది. ముందు కూర్చోబెట్టి బిడ్డ పేరడుగు. నెలలు గడిచినా తిండీ నిద్రా లేకపోతే అప్పుడు మనసు డాక్టరు దగ్గరికి పంపు. పిచ్చి డాక్టరని మాత్రం అనకు, రాదు."

అందరూ రాసుకున్నారు. ముందు వరసలో స్కల్లీ కూడా రాసుకుని, కార్జానికి వాడే ఆ కొండమాటని పైకి అంది.

"మళ్ళీ అనండి డాక్టరమ్మా. మేకని అదిలించినట్టుంది," అంది ఇత్తో. గది గదంతా నవ్వింది, స్కల్లీ అందరికంటే గట్టిగా.

ఆ రోజు మంగళవారం. తలుపు దగ్గర కొండ ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. అంతమంది డాక్టర్ల ముందు తమ భాష వినబడేసరికి చీటీల సంగతే మరిచిపోయారు. ఒక ముసలామె నా మోచెయ్యి పట్టుకుని, "ఆ పాఠం చెప్పే అమ్మాయి ఎవరి తాలూకు?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే వెనకనుంచి నాలుగు గొంతులు ఒకేసారి అన్నాయి: "మా పిల్లే!"