కాలువ పాటలో చివరి చరణం

మా బెజవాడ రాక్ బ్యాండు వాళ్లు అరవైల్లో పడ్డాక ఒక మంచి పనీ, ఒక పిచ్చి పనీ కలిపి చేశారు. పాత పాటల్ని మళ్లీ శుభ్రంగా రికార్డు చేసి ఎల్‌పీ రికార్డుగా తెస్తామన్నారు, అది మంచి పని. అందులో ఏ పాటలుండాలో అభిమానులనే తేల్చమన్నారు, అది పిచ్చి పని. వాళ్లవి ఇరవై ఆరు పాటలుంటే రికార్డుకి పట్టేవి ఎనిమిది. అభిమానుల్ని పిలిచి ఎనిమిది పాటలు ఎంచమనడం, వియ్యాలవారిద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టి పెళ్లిభోజనానికి వంటల జాబితా రాయమన్నట్టే.

గవర్నర్‌పేటలో నాకు స్టేషనరీ హోల్‌సేల్ షాపుంది. ఆదివారం షాపు ఉండదు కాబట్టి పైనున్న మేడగదిలో పొద్దున పదింటికి చేరేవాళ్లం. వాట్సాప్ గ్రూపులో అరవైమంది ఉన్నా, మెట్లెక్కి వచ్చి గొంతు చించుకునేవాళ్లు పదీ పన్నెండు మంది. అందరం యాభై దాటినవాళ్లమే. ఒకప్పుడు గిటార్లు పట్టుకుని కరెంటు కోత మీదా, బందరు బస్సు మీదా తెలుగులో అరిచే నలుగురు మనుషుల్ని చూసి పిచ్చెక్కినవాళ్లం.

ఆ గదిలో నాకో పెద్దరికం ఉంది. వాళ్ల మొదటి క్యాసెట్‌కి కాపీలు తీసింది నేనే. కొత్తవాళ్లెవరైనా వస్తే, "మొదటి వంద క్యాసెట్లూ వీళ్లింట్లోనే తయారయ్యాయండీ" అని నన్ను పరిచయం చేసేవాళ్లు. నేను కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చునేవాణ్ణి. వెంటనే టీలు తెప్పిస్తానంటూ మాట మార్చేసేవాణ్ణి.

రెండు ఆదివారాల్లో ఏడు పాటలు తేలాయి. తేలాయంటే, ఒకరి మొహాలొకరు చూసుకోకుండా కిందికి దిగిపోయేంత గొడవపడి తేలాయి. ఎనిమిదోది ఏదన్న విషయంలో మాత్రం గొడవే లేదు. కాలువ పాట. అది లేకుండా వాళ్ల రికార్డేమిటి? కానీ మూడో ఆదివారానికి ముందురోజు గ్రూపులో డ్రమ్మర్ గారి మెసేజ్ వచ్చింది. ఆయన ఎప్పుడూ గ్రూపులో నమస్కారం తప్ప ఏమీ పెట్టని మనిషి.

"అందరికీ నమస్కారమండీ. మీరు ఏవి ఎంచినా నాకు సంతోషమే. కాలువ పాట మాత్రం వద్దండీ. అది పెడితే నేను రికార్డింగుకి రాను. అన్యథా భావించకండి."

ఎందుకో నాకు తెలుసు. అది చదివి ఫోను బోర్లా పెట్టేశాను.

కాలువ పాట సంగతి చెప్పాలి. వేసవిలో మా దగ్గర కాలువలు కట్టేస్తారు. అప్పటిదాకా పారిన కాలువ అడుగు బయటపడి, బురద ఎండి, పగుళ్లిస్తుంది. మళ్లీ నీళ్లు వదిలేదాకా రైతుకి ఆకాశం వైపూ కాలువ గేట్లుండే లాకుల వైపూ చూడ్డమే పని. ఆ పాట ఆ ఎండిన కాలువ గురించి. మూడు చరణాలయ్యాక పాడే ఆయన అడుగుతాడు, "నీళ్లెప్పుడొస్తాయిరా?" అని. తర్వాత డ్రమ్ము మీద రెండు దెబ్బలు. అంతే, పాట ఆగిపోతుంది. జవాబుండదు.

ఆ ఆగిపోవడం మీద మావాళ్లు ముప్పై ఏళ్లుగా పురాణం చెబుతున్నారు. నీళ్లాగినట్టే పాటా ఆగిందనీ, అలా ఆపడానికి దమ్ముండాలనీ. మా గుంపులో ఒక లెక్చరర్ గారున్నారు, హాస్టల్లో ఉన్నప్పుడు అరిగిపోయిన క్యాసెట్లో ఈ పాట విన్నారట. ఆవిడ ఆ రెండు దెబ్బల గురించి క్లాసులో పిల్లలకి కూడా చెబుతారు. స్టేజీ మీద పాడినప్పుడు జనం కూడా అక్కడే లేచి ఈలలు వేసేవాళ్లు. ఇక బ్యాండు కూడా అక్కడే ఆపడం అలవాటు చేసుకుంది.

నిజానికి ఆ పాట అక్కడ ఆగదు. నేను ఆపాను.

ఆ రోజుల్లో బ్యాండు లీడర్ అప్పటికున్న తమ పాటలన్నీ ఒక తొంభై నిమిషాల క్యాసెట్లో రికార్డు చేసి నాకిచ్చాడు. మా ఇంట్లో రెండు క్యాసెట్లు పట్టే టేప్‌రికార్డర్ ఉండేది. కాలేజీ ఫెస్టు నాటికి వంద కాపీలు కావాలన్నాడు. తొంభైవి దొరకలేదు, నేను అరవైవి తెచ్చాను. వైపుకి ముప్పై నిమిషాలు, సరిపోతాయిలే అనుకున్నాను. లెక్క వేసుకోలేదు. హైస్పీడు మీట నొక్కితే పాటలు పిచుకలు అరిచినట్టు గబగబా కాపీ అయిపోయేవి. అది వినలేక తలుపు వేసేసి పక్కగదిలో కూర్చునేవాణ్ణి. వందా అయ్యాక, ఫెస్టు రోజు పొద్దున ఒకటి పెట్టి చివరిదాకా విన్నాను. రెండో వైపు ఆఖరి పాట పూర్తవకుండానే టేపు అయిపోయింది. నాలుగో చరణం మొత్తం పోయింది.

చెప్పలేదు. ఎవరు చూడొచ్చార్లే అనుకున్నాను. సాయంత్రానికి క్యాసెట్లన్నీ అయిపోయాయి, నన్ను భుజాల మీద ఎత్తుకున్నారు. లీడర్ అసలు క్యాసెట్ అడిగితే, మెషీన్‌లో చిక్కుకుని టేపు నలిగిపోయిందని అబద్ధం చెప్పాను. ఇచ్చేస్తే నా తప్పు బయటపడుతుందని భయం. అది అప్పట్నుంచీ నా బీరువాలోనే ఉంది. పోయిన ఆ నాలుగో చరణం రాసింది డ్రమ్మర్ గారు. ఆయన జీవితంలో రాసింది ఆ ఒక్క చరణమే.

మూడో ఆదివారం ఆయన కూడా వచ్చారు. చల్లపల్లి అవతల వాళ్లది శివారు పొలం, అంటే కాలువ నీళ్లు అందరికీ అందాక చిట్టచివర అందే భూమి. ఆయన మనిషి కూడా అలాగే, అందరూ కూర్చున్నాక మిగిలిన కుర్చీలో కూర్చుంటారు. మాకంటే పదేళ్లు పెద్దయినా అందర్నీ అండీ అనే పిలుస్తారు.

ఇబ్రహీంపట్నంలో కరెంటు ఉద్యోగం చేసే నా క్లాస్‌మేట్ మొదలెట్టాడు. వాడికి కోపం వస్తే ఎదుటివాళ్ల వయసు కనబడదు.

"కారణం చెప్పండి సార్. ముప్పై ఏళ్లు వాయించారు కదా, ఇప్పుడేమైంది?"

"ఏమీ లేదండీ. స్టేజీ మీద సరే, శాశ్వతంగా అలా రికార్డవడం నాకిష్టం లేదు, అంతే."

"మీ ఇష్టమేనా? మా ఇష్టం అక్కర్లేదా? ఆ రెండు దెబ్బలు మీవి మాత్రమే కాదండీ, మావి కూడా."

డ్రమ్మర్ గారు చేతులు చూసుకున్నారు. "రెండు కాదండీ. నేను నాలుగు కొట్టాను. మీకు రెండే వినిపించాయి."

ఎవరికీ అర్థం కాలేదు. లెక్చరర్ గారు, "అంటే ఏంటి సార్?" అని మెల్లగా అడిగారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నా చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఇప్పుడు చెప్పు, ఇప్పుడు చెప్పు అని నాకు నేనే చెప్పుకుంటూ, లేచి వెళ్లి ఫ్యాను స్పీడు పెంచాను.

"సరే ఓటేద్దాం," అన్నాడు మావాడు. "కాలువ పాట ఉండాలనేవాళ్లు చెయ్యెత్తండి." ఒకటి తర్వాత ఒకటి చేతులు లేచాయి. లెక్చరర్ గారు కూడా తల దించుకునే ఎత్తారు. నేను ఎత్తలేదు. "ఏరా, నువ్వు? మొదటి క్యాసెట్లు తీసినవాడివి, నువ్వెత్తవేంట్రా?" అని నన్నడిగి, నేను బదులు చెప్పేలోపే ఆయన వైపు తిరిగాడు. "ఏమనుకోకండి సార్. డ్రమ్ములు కావాలంటే ఇంకొకరు వాయిస్తారు. పాట ముఖ్యం."

డ్రమ్మర్ గారు లేచి కుర్చీని సరిగ్గా గోడకి జరిపారు. "అలాగే కానివ్వండి," అని మెట్ల వైపు నడిచారు.

ఆయన రెండో మెట్టు దిగుతుంటే నాకు మాటొచ్చింది.

"అన్నగారూ, మీ చరణం బ్యాండువాళ్లు కత్తిరించలేదు. నేను కత్తిరించాను."

ఆయన ఆగారు. ఇక దాచడానికేం లేదు. అరవై నిమిషాల క్యాసెట్లు, హైస్పీడు మీట, వేసిన తలుపు, చెప్పిన అబద్ధం అన్నీ చెప్పేశాను. చెబుతున్నంతసేపూ మావాడు నా మొహం చూస్తూ నిలబడ్డాడు. "నువ్వట్రా," అన్నాడు చివరికి. ఆ ఒక్క మాటతో నా పెద్దరికం మొత్తం పోయింది. పోతే పోయింది. కింద షాపు బీరువాలోంచి అసలు క్యాసెట్ తెచ్చాను. పాత టూ-ఇన్-వన్ టేప్‌రికార్డర్‌లో పెట్టి, చివరి పాట దగ్గరికి తిప్పాను.

"నీళ్లెప్పుడొస్తాయిరా?" ఒకటి, రెండు. మూడు, నాలుగు. తర్వాత బొంగురుగా, ముప్పై ఏళ్ల కిందటి గొంతు:

"లాకులెత్తారంట, తూములో పాటంట,
శివారు చేనుదాకా నీళ్లొస్తున్నాయంట,
మంచమెత్తి గట్టు మీద వెయ్యండొరేయ్,
ఆ చప్పుడు మా నాన్న వినాలంట."

టేపు బరబరమంటూ ఖాళీగా తిరుగుతోంది. చివరికి మావాడే నోరు తెరిచాడు. వాడిలో ఉన్న మంచీ చెడ్డా అదే, ఉన్నది దాచలేడు.

"కోప్పడకండి సార్. నాకు ఆగిపోవడమే బావుంది."

నాకు వాణ్ణి కొట్టాలనిపించింది. డ్రమ్మర్ గారు మాత్రం తలూపారు.

"నిజమేనండీ. నాకూ ఇప్పుడు అలాగే అనిపించింది. ఆ చరణం గొప్పదేం కాదు." టూ-ఇన్-వన్ దగ్గరికి వచ్చి మీట నొక్కి ఆపారు. "నేను మీ ఎవ్వరి కోసం రాయలేదండీ. మా నాన్న కోసం రాశాను. ఆ క్యాసెట్ పట్టుకుని మా ఊరు వెళ్లాను. నీ మీదే రాశాను నాన్నా, చివర్లో వస్తుందని చెప్పి పక్కన కూర్చోబెట్టుకున్నాను. పాటంతా విన్నాడు. క్యాసెట్ టక్కుమని ఆగిపోయింది. ఇంకా వస్తుందేమోనని అలాగే కూర్చున్నాడు. నేను పాడి వినిపిస్తానంటే వద్దన్నాడు. వాళ్లకి అక్కర్లేకపోయుంటుందిలేరా, బాధపడకు అన్నాడు. పాట పొడుగైందని మా లీడర్ అంతకుముందే అని ఉన్నాడు. వాడే తీసేశాడనుకున్నాను. అడిగితే ఏమంటాడోనని అడగలేదు. వాడితో ఇన్నేళ్లు వాయించాను, మనసు విప్పి మాట్లాడింది లేదు."

"నన్ను క్షమించండి," అన్నాను.

ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బావుండును. "పాట పెట్టుకోండి. నేను వస్తాను. అందరికీ నచ్చినట్టు రెండు దెబ్బలే కొడతాను," అన్నారు. "ఈ క్యాసెట్ నేను తీసుకెళ్లొచ్చాండీ?" అని నన్నే అడిగి, దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నారు.

మెట్లు దిగుతుంటే ఆయన వెనకే వెళ్లాను. గుమ్మం దగ్గర, ఏదో ఒకటి అడగాలని, "నాన్నగారు ఎప్పుడు పోయారండీ?" అన్నాను.

"ఆ క్యాసెట్ వచ్చాక తొమ్మిదేళ్లు బతికాడండీ," అన్నారాయన.

తొమ్మిదేళ్లు. మా వీధి చివర బందరు రోడ్డు మీద చల్లపల్లి బస్సు రోజూ వెళ్తూనే ఉండేది. క్యాసెట్ నా బీరువాలోనే ఉండిపోయింది.