కొంగల దిబ్బ మీద నా మహోపన్యాసం

నా జీవితంలో లెక్కలేనన్ని ఉపన్యాసాలిచ్చాను. అందులో ఒక్కటే జనం చెవులు రిక్కించి విన్నారు. ఆ ఒక్కటే కొంపలు ముంచింది. మాటవరసకు అనడం లేదు, చెట్ల మీద పుల్లా పుడకా ఏరి కట్టుకున్న అసలు సిసలు కొంపలే మునిగాయి. గొడ్డలి ముట్టకుండా, ఉత్త నోటితో ఒక మడచెట్ల తోపును నేలమట్టం చేసిన ఘనుడు ఈ జిల్లాలో నేనొక్కణ్ణే అనుకుంటాను. మీరు నవ్వండి. నేనూ నవ్వుతూనే చెబుతాను. మధ్యలో ఎక్కడైనా ఆగిపోతే ఏమీ అనుకోకండి.

అప్పుడు నేను గూడూరులో ఒక ప్రైవేటు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాణ్ణి. వయసు తక్కువ, జీతం ఇంకా తక్కువ, నోరు మాత్రం ధారాళం. మా చర్చి యవ్వనస్థుల కూటాల్లో చిన్నప్పటి నుంచీ సాక్ష్యాలు చెప్పీ చెప్పీ, మైకు కనబడితే పూనకం వచ్చే స్థితికి చేరుకున్నాను. తీరిక దొరికితే బండేసుకుని చిల్లకూరు దాటి సముద్రం వైపు పోయేవాణ్ణి, పక్షుల్ని చూడటానికి. అలా కనబడింది కొంగల దిబ్బ.

ఉప్పు కాలవ ఒడ్డున చిక్కటి మడచెట్లు. కాన్పుల కాలంలో ఒక్కో చెట్టు ఒక్కో ప్రసూతి ఆసుపత్రి. తెల్లకొంగలు, ఎర్రకాళ్ల కొంగలు, వాటి పిల్లల అరుపులు, చెప్పనలవికాని కంపు. ఆ నేల రమణయ్య అనే రైతుది. అందులో వరి పండదు, పశువు మేయదు. దాని మీద బతుకుతున్న మనిషి పోలమ్మక్క ఒక్కతే. భర్త పోయాక ఆ చెట్ల వేళ్ల మధ్య పీతలు, మా వైపు మాటలో ఎండ్రకాయలు, పట్టి అమ్ముకుంటూ, ఇద్దరు ఆడపిల్లల్ని చదివిస్తోంది.

పక్షులుండే నేలల్ని కొని, ముట్టుకోకుండా అలాగే వదిలేయడానికి బెంగళూరులో ఒక ట్రస్టు గ్రాంటు ఇస్తుందని విని వాళ్లకు రాశాను. వాళ్లు వచ్చి చూసి మురిసిపోయారు. రమణయ్య చెప్పిన ధరకు తలూపారు.

"కొనుక్కోని ఏం చేస్తారు సారూ?" అన్నాడు రమణయ్య.

"ఏమీ చెయ్యరు."

"ఏమీ చెయ్యకుండా ఉండేదానికి దుడ్లా? పుట్టినకాడి నుంచి నేను చేస్తా ఉండేది అదే గదా! నాకెవురూ ఒక్క రూపాయి ఇయ్యలేదే!"

పోలమ్మక్క బెంగ వేరు. "వాళ్లు కొంటే నన్ను కాలవలోకి దిగనిస్తారా సామీ?"

"చేత్తో పట్టుకునేవాళ్లకు అడ్డం లేదక్కా. ఆ మాట ముందే తీసుకున్నాను."

"అయితే బిరీన కొనిపించు. నా బిడ్డల సదువు ఆ కాలవలోనే ఉండాది."

మిగిలింది ఒక్కటే. ఊరి పెద్దలు తమకు అభ్యంతరం లేదని చెప్పాలి. అప్పుడు కమిటీ కూర్చుంటుంది, డబ్బు వస్తుంది. నలుగురు పెద్దమనుషుల్ని టీ తాగించి అడిగితే తీరిపోయే పని. కానీ ఆ పని పడింది నా చేతిలో కదా! చర్చి నుంచి మైకు, రెండు లౌడ్‌స్పీకర్ హారన్లు అడిగి తెచ్చి దిబ్బ మీది తాటిచెట్టుకు కట్టించాను. ఒకటి ఊరి వైపు, ఒకటి రోడ్డు మీది టీ అంగడి వైపు.

"పిడికెడు మందికి మైకు ఎందుకు సామీ? వాళ్లకేమన్నా చెవుడా?" అంది పోలమ్మక్క.

"విషయం పెద్దదక్కా."

"పెద్ద విషయమైతే అరవాల్నా ఏంది?"

సభ చప్పగా మొదలైంది. ఒక పెద్దాయన లేచి, "ఆ పనికిమాలిన చవుడు నేలను బెంగళూరోళ్లు కొంటారంటే ఇందులో ఏందో మోసం ఉండాది," అన్నాడు. పనికిమాలిన నేలా! నా ఒళ్లు మండిపోయింది. మైకు అందుకున్నాను.

"అయ్యలారా! ఈ కాలవ నడివేసవిలో కూడా ఎండదు! సముద్రపు నీళ్లు రోజూ పోటుకు వస్తాయి, పాటుకు పోతాయి! పక్కనే మంచినీటి ఊట! ఉప్పునీరూ మంచినీరూ ఇలా కలిసే చోటు ఈ తీరంలో ఇంకోటి చూపించండి! ఇక్కడి మట్టి బంకమట్టి, నీళ్లు పోస్తే చుక్క ఇంకదు! రొయ్యపిల్లలు ఎవరూ పిలవకుండానే వచ్చి పెరుగుతాయి!"

నెల్లూరు తీరంలో పుట్టిన పాఠకులు ఈపాటికే తల పట్టుకుని ఉంటారు. మిగతావారికి మనవి. రొయ్యల గుంటలు తవ్వేవాడు పెళ్లికూతుర్ని వెతికినట్టు వెతికే నేల సరిగ్గా ఇలాంటిదే. నేను దాని గుణగణాలన్నీ వర్ణించి, హారన్లు కట్టి మరీ పెళ్లిచూపులు జరిపిస్తున్నాను.

టీ అంగడి నుంచి తెల్లచొక్కా ఆసామి ఒకడు గ్లాసుతో సహా నడిచొచ్చాడు. "కరెంటు లైను ఎంత దూరం సార్?" అనడిగాడు.

పక్షిప్రేమికుడు దొరికాడని పొంగిపోయాను. "ఆ రోడ్డు పక్కనే!"

"లారీ దిగతాదా?"

"లారీ ఏంటండీ, టూరిస్టు బస్సే దిగుతుంది!"

"నీళ్లల్లో తెగుళ్లేమన్నా?"

"తెగులా? ఈ నీళ్లలోనా?" పోలమ్మక్క బుట్ట లాక్కుని ఒక ఎండ్రకాయను పైకెత్తి చూపించాను. "చూడండి, ఎంత ఆరోగ్యంగా ఉందో!" అది నా వేలు కొరికింది. ఆ సభలో బుద్ధి ఉన్న ప్రాణి అదొక్కటే. జనం చప్పట్లు కొట్టారు. తెల్లచొక్కా ఆసామి అందరికంటే గట్టిగా కొట్టాడు.

తెల్లారి రమణయ్య ఫోను. "సారూ, ఆ తెల్లచొక్కా ఆయప్ప కాడ బయానా తీసుకున్నా."

"నాకు మాటిచ్చావు కదా రమణయ్యా!"

"ఇచ్చినా. మీ కమిటీ ఎప్పుడు కూచుంటాది?"

"వచ్చే నెల."

"ఆయప్ప మా ఇంటో కూచోనుండాడు సారూ. పనికిమాలిన నేలని నేను వదిలించుకుంటా ఉంటి. కాదు, బంగారమని ఊరంతా వినేట్టు చెప్పింది మీరే గదా."

వెంటనే బండి తీశాను. ఆ ఆసామి కాళ్లావేళ్లా పడ్డాను. గూళ్లలో పిల్లలున్నాయి, రెక్కలొచ్చేదాకా ఆగమన్నాను. చాలా మర్యాదస్తుడు. నాకు కుర్చీ వేసి, "సీజన్ పోతాది సార్," అన్నాడు.

పొక్లెయిను దిగిన రోజు నేను అక్కడే ఉన్నాను. చెట్టు ఒరిగినప్పుడల్లా పిల్లలు బురదలో పడేవి. ఇంకా ఈకలు రాని పిల్లలు. తల్లులు పైన తిరుగుతూ అరిచాయి, మరునాడూ అరిచాయి. పోలమ్మక్క, నేను దొరికిన పిల్లల్ని ఎండ్రకాయల బుట్టలోకి ఏరి చిన్నచేపలు నోట్లో పెట్టాం. ఒక్కటీ బతకలేదు. నేను బాగా ఏడ్చాను. ఇందులో నవ్వించే ముక్క ఏదైనా ఉందేమోనని ఇన్నేళ్లూ వెతికాను, లేదు.

కాలవకు కట్ట వేసి రొయ్యల గుంటలు తవ్వారు. ఎండ్రకాయలు పోయాయి. పోలమ్మక్క రొయ్యల తలలు తీసే షెడ్డులో చేరింది. ఐసులో నాని ఆమె వేళ్లు పగిలిపోయాయి. పెద్దపిల్ల చదువు మాని తల్లి వెంట అదే షెడ్డుకు పోతోంది. ఒకసారి దారిలో కనబడి, "నా బుట్ట గూడా ఎత్తి చూపిస్తివే సామీ," అని వెళ్లిపోయింది. 

గుంటల్లో మొదటిసారి రొయ్యలు పట్టిన నాడు ఆసామి నన్ను పిలిపించి శాలువా కప్పాడు. "సార్ స్పీచ్ వినకుంటే ఈ చోటు నాకు తెలిసేదే కాదు," అని అందరి ముందూ దణ్ణం పెట్టి, కేజీల కొద్దీ రొయ్యలు చేతికిచ్చి, "ఇట్టాంటి చోట్లు ఇంకేమన్నా చూసి పెట్టండి సార్," అన్నాడు.

మిగిలిన కొంగలు ఈమధ్య ఇంకో చోట గూళ్లు కట్టాయి. ఈసారి పెద్దల్ని ఇంటింటికీ వెళ్లి గుసగుసగా ఒప్పించాను. బెంగళూరుకు రాశాను. కమిటీ ఇంకా కూర్చోలేదు. కనుక యావన్మందికీ తెలియజేయడమేమనగా, నా ఒంట్లో ఊపిరి ఉన్నంతవరకూ మైకు ముట్టను, ఏ నేలనూ పొగడను అని బైబిలు మీద చేయి పెట్టి ప్రమాణం చేశాను. మొన్న ఆ కొత్త చోటి దారిలో ఒకాయన కారాపి ఆ ప్రమాణానికి పరీక్ష పెట్టాడు.

"ఆ కాలవ పక్క నేల ఎట్టుంటాది సార్?"

"దరిద్రపు నేల. ఉత్త ఇసక. చుక్క నీరు నిలవదు. లారీ దిగితే మళ్లీ పైకి రాదు."

ఆయన కళ్లు చిట్లించి చూశాడు. "మరి ఆ చెట్ల మీద తెల్లగా ఉండేవి ఏంది సార్?"

"ప్లాస్టిక్ కవర్లు," అన్నాను.