బొట్టు లేని పిలుపు

ఎన్నికల జీపు మా సందు మలుపు తిరుగుతుండగా మైకు కీచుమంది. ఆ చప్పుడు చెవిన పడితే చాలు, నాకు మునెమ్మక్క గొంతు గుర్తుకొస్తుంది. ఆమెకు మైకు అక్కరలేదు. ఏరికట్ట మీద, అంటే మా చెరువుగట్టు మీద నిలబడి ఆవును పిలిస్తే, అవతలి గట్టున ఉన్న మనుషులు కూడా తిరిగి చూసేవారు. ధర్మపురి దగ్గర, ఏరి ఒడ్డున ఉన్న మా చిన్న ఊళ్ళో పార్టీ పనికి ఆడవాళ్ళను గడప దాటించింది ఆమే. గుత్తకు తీసుకున్న చేను, రెండు ఆవులు, ఎవరికీ జంకని నోరు, ఇదీ ఆమె ఆస్తి.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో ఎన్నికలు వచ్చాయి. అప్పుడు అందరికీ ఓటు లేదు. భూమి పన్ను కట్టేవాళ్ళు, కాస్త చదువుకున్నవాళ్ళు, అలాంటి కొందరికే. ఓటున్న ఆడవాళ్ళు కదలడం లేదని మగవాళ్ళు వాపోతుంటే మునెమ్మక్క నవ్వింది. "బొట్టు పెట్టి పిలవాల్నా వీళ్ళను? సరే, పెట్టే పిలుస్తాము" అంది. పెళ్ళికి పిలిచినట్టు పళ్ళెంలో పసుపు కుంకుమ పెట్టుకుని వీధి వీధీ తిరిగాము. నాకప్పుడు కొత్తగా పెళ్ళైంది. పుట్టిల్లు, అత్తవారిల్లు రెండూ ఆ ఊళ్ళోనే. ఎక్కడికి వెళ్ళినా మజ్జిగ, నవ్వులు. ఇక గెలిచేశామనే అనుకున్నాము.

అలా మా అమ్మ ఇంటి వీధికి వచ్చాము. నాన్న పోయినప్పటి నుంచీ భూమి అమ్మ పేరనే ఉంది. మమ్మల్ని చూసి అమ్మ గడపలోంచి లోపలికి తప్పుకుంది. బొట్టు పళ్ళెం ఎదురైతే తప్పుకోవడం ఆమెకు అలవాటు, ఆ ఇల్లు వదిలి పక్కింటికి నడవడం అందరికీ అలవాటు. మునెమ్మక్క మాత్రం నడివీధిలో ఆగిపోయింది.

"ఏమ్మే, మనమేం పని చేసినాము? మొగుడు బతికుండంగా పెండ్లాం పేరున భూమి ఎవరు రాసిస్తారు? పన్ను కట్టే ఆడోళ్ళు ఇట్లాంటి ఇండ్లలోనే కదా ఉండారు. ఓట్టు ఉండే గడపలు దాటుకొని, లేని గడపల్లో బొట్టు పెట్టి వచ్చినాము!" అని నెత్తి కొట్టుకుంది.

పళ్ళెం నా చేతికిచ్చి, తాను లోపలికి వెళ్ళింది. "వదినా, ఓట్టుకు పిలిచేదానికి వచ్చినాను."

"నేను ఎదురొస్తే మీ పార్టీకే చెడ్డ, మునెమ్మా. పాపది కూడా కొత్త కాపురం. నన్ను ఇడిసిపెట్టు" అంది అమ్మ, వాకిట్లో ఉన్న నన్ను చూపిస్తూ.

"భూమి కిస్తు కట్టేదానికి తాలూకా కచేరికి పోతివే, నీ మొగం చూసి వద్దన్నారా? నాకు ఓట్టు లేదు వదినా. ఉండింటే పాకుకుంటూ అయినా పోతాంటి."

అమ్మ వస్తాననలేదు, రాననలేదు. మాకు మజ్జిగ మాత్రం ఇచ్చింది.

సంగతి విని, మా ఊరి పార్టీ పెద్దగా ఉన్న అంగడి ఆయన ముఖం చిట్లించాడు. "మొగుడు పోయినోళ్ళు ముందర నడిస్తే శకునం ఏమి కావాల, మునెమ్మా?"

"శకునానికి ఓట్టు లేదన్నా. వాళ్ళకుంది."

 మరునాటి నుంచి పళ్ళెం ఇంట్లో పెట్టి, చేతులు జోడించి, వదిలేసిన గడపలన్నీ ఎక్కాము.

ఓటు రోజు పొద్దున అమ్మ వస్తుందో రాదో తెలియక మాటిమాటికీ ఆమె వీధి వైపే చూశాను. అందరం ఏరికట్ట మీద చేరాక, కొంగు తలమీదికి లాక్కుని అమ్మ వచ్చింది. వెనక్కి పోయి నిలబడబోతే మునెమ్మక్క చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చింది. "నువ్వు నడువు వదినా. మేము వెనకాల వస్తాము." అమ్మ నడిచింది. ఎదురొచ్చిన బండివాడు ఎద్దులను పక్కకు తోలి దారి ఇచ్చాడు. ఓటు లేని మునెమ్మక్క, ఓట్లు వేసే బడి గేటు దగ్గరే ఆగిపోయింది. లోపలికి పోయి వచ్చిన అమ్మ ముఖంలో అలాంటి వెలుగు నాన్న పోయాక నేను చూడలేదు.

"ఒక కాగితమే మునెమ్మా! ఇంతకేనా నేను దాంకొంటి?" అంది.

మా పార్టీ గెలిచింది. మునెమ్మక్కకు ఏ పదవీ రాలేదు, ఆమె అడగనూ లేదు. ఆమెను తలచుకుంటే ఇప్పటికీ నా వెన్ను నిటారుగా అవుతుంది.

చాలా ఏళ్ళకు మా ఆయన పోయాడు. ఏడాది తిరగక ముందే ఎన్నికలు వచ్చాయి. నన్ను పిలవాలో వద్దో తెలియక పార్టీ ఆడవాళ్ళు మా గుమ్మం ముందు తటపటాయిస్తూ నిలబడ్డారు. మునెమ్మక్క అప్పటికి లేదు. నేనే చెప్పులు వేసుకుని బయటికి వచ్చి, వాళ్ళకంటే ముందు నడిచాను.