ఇనుమక్క రక్తపరీక్ష

వీధిలో అందరూ ఆమెను ఇనుమక్క అనేవారు. ఆరోగ్య కేంద్రం తరఫున ఇంటింటికీ తిరిగి, ఏం తినాలో, తిన్నది ఒంట్లో ఏమవుతుందో చెప్పడం ఆమె ఉద్యోగం. ఆకుకూరల్లో, గింజల్లో దాగిన ఇనుమంటే ఆమెకు ఎంత ప్రేమంటే, దాని సంగతి చెప్పేటప్పుడు గొంతు జోలపాటలా మెత్తబడేది.

"తిన్నదంతా ఒంటికి పట్టదమ్మా. ఇనుము పేగు గుమ్మం దాకా వస్తుంది. సరిగ్గా అప్పుడే మీరు టీ తాగారనుకోండి, అందులోని వగరు దాన్ని పట్టేసుకుంటుంది. ఇక లోపలికి పోనివ్వదు. రెండూ కలిసి బయటికి పోతాయి. అందుకే అన్నం తిన్నాక ఓ గంటన్నా ఆగాలి. అదే నిమ్మకాయ పిండుకున్నారా, మర్యాదగా లోపలికి తీసుకెళ్తుంది."

ఇంటావిడ తల ఊపేది. అంత మంచి మాట చెప్పినందుకు మనసు నిండి, లోపలికి వెళ్లి టీ పెట్టి తెచ్చేది.

కాదంటే ఆ తలుపు మరోసారి తెరుచుకోదు. ఇనుమక్క తాగేది. మధ్యాహ్నం ఏ మెట్ల మీదో కూర్చుని తిని, టిఫిన్ డబ్బాకు మూత పెట్టేలోగా పక్కింట్లో కప్పు సిద్ధంగా ఉండేది. సాయంత్రం మెట్లెక్కితే ఆయాసం. వయసు అనుకునేది. కనురెప్పల లోపల తెల్లగా కనిపిస్తే, అద్దం పాతబడింది అనుకునేది.

అంతలో చెల్లెలికి గర్భసంచిలో గడ్డ ఉందని తేలింది. కంగారేం లేదు, మూడు నాలుగు నెలల్లో ఆపరేషన్ చేద్దాం, రక్తం మాత్రం ఇంట్లోంచి ఒకరు ఇవ్వాలన్నారు డాక్టరు. చెల్లెలు పట్టు పట్టింది.

"అక్క రక్తమైతేనే ఎక్కించుకుంటా. ఎవరిదో ఎక్కించుకుని ఎవరి కోపమో తెచ్చుకోలేను."

"ఉన్న కోపం చాలదా ఏంటి?" అన్నాడు చెల్లెలి మొగుడు.

"నేనుండగా నీకేం భయమే?" అంది ఇనుమక్క.

బ్లడ్ బ్యాంకులో నర్సు ఆమె వేలు గుచ్చి, యంత్రంలో చూసి, నమ్మకం కుదరక మళ్లీ గుచ్చింది.

"హిమోగ్లోబిన్ తొమ్మిదిన్నరే ఉందండీ. పన్నెండున్నర ఉంటే గానీ తీసుకోం." గోడ వైపు చెయ్యి చూపించింది. "ఏం తినాలో ఆ బొమ్మల కింద రాసుంది. చదవడం వచ్చా?"

ఆ రాతలు ఇనుమక్కవే.

"వచ్చు," అంది.

వస్తూ వస్తూ సంచినిండా బీట్‌రూట్ కొంది. ఎర్రగా ఉన్నవన్నీ రక్తమైపోవని ఇల్లిల్లూ తిరిగి చెప్పిన నోటితోనే గ్లాసుల కొద్దీ ఎర్రటి రసం తాగింది. చెల్లెలు చూసి పొట్ట పట్టుకుని నవ్వింది.

"రంగు చూసి మోసపోవద్దని నువ్వే కదక్కా చెప్పింది?"

"ఊరుకోవే. దాహమేసింది."

"దాహానికి నీళ్లుంటాయిగా!"

డాక్టరు ఐరన్ మాత్రలు రాసి, రక్తం ఎముకల్లో తయారవ్వాలనీ, తొందరపెడితే కాదనీ, మూడు నెలలన్నా పడుతుందనీ చెప్పారు. ఇదంతా ఆమెకు తెలుసు. తెలిసిన మాటను ఇంకొకరి నోట వినడం మాత్ర కన్నా చేదుగా ఉంది.

మర్నాటి నుంచి టీ వద్దనడం మొదలుపెట్టింది. మొదటి ఇంట్లోనే టైలరమ్మ మొహం మాడ్చుకుంది.

"మా ఇంటి టీ గొంతు దిగట్లేదా ఇప్పుడు?"

"అది కాదమ్మా. ఒంట్లో రక్తం లేదని నన్ను వెనక్కి పంపేశారు. ఇప్పుడే తినొచ్చాను."

"మీకా?" టైలరమ్మ మిషన్ ఆపేసింది. "తినగానే టీ తాగొద్దని రోజూ చెప్పేది మీరే కదా?"

"చెప్పాను. వినలేదు."

"మేమా?"

"మీ సంగతి తర్వాత. నేనే వినలేదు."

ఆమె కన్నా ముందే ఆ కబురు వీధంతా చుట్టి వచ్చింది. కొన్ని తలుపులు నిజంగానే మూసుకున్నాయి. తెరిచిన చోట మంచినీళ్లిచ్చి, ఆమె కనురెప్ప కిందికి లాగి చూసి, "ఇంకా తెల్లగానే ఉందక్కా, ఆకుకూర తింటున్నావా, ఊరికే చెప్తున్నావా?" అని నిలదీశారు. సలహాలు చెప్పడానికి వెళ్లి, సలహాలు మోసుకుని తిరిగొచ్చేది. లోపల ఎక్కడో, ఎముకల చీకట్లో, ఎవరి ఉపన్యాసమూ వినకుండా రక్తం నెమ్మదిగా ఊరుతూ ఉంది.

నాలుగో నెల మొదట్లో నర్సు వేలు గుచ్చి, సరిపోయిందంది. రక్తం సంచి నిండింది. గోడ మీది బొమ్మల్లోలా ఎర్రగా లేదు. వానకు ముందు సాయంత్రంలా నల్లగా, బరువుగా ఉంది. ఇనుమక్క దాన్ని పసిబిడ్డను చూసినట్టు చూసింది.

"ఇది మా చెల్లెలికే కదమ్మా?"

"కాదండీ. ఆవిడకి సరిపడేది ముందే తీసి పక్కన పెట్టాం. మీది ఎవరికి అవసరమైతే వాళ్లకి వెళ్తుంది. మీకొకటి ఇస్తున్నాం, మీరొకటి ఇచ్చారు. అంతే."

ఆపరేషనైన మూడో రోజు చెల్లెలు దిండుకు ఆనుకుని కూర్చుంది.

"రక్తం ఎక్కాక ప్రాణం లేచొచ్చిందక్కా. నీదని ఇట్టే తెలిసిపోతోంది."

అసలు సంగతి తెలిసిన మొగుడు ఏదో చెప్పబోయాడు. ఇనుమక్క దుప్పటి సర్దుతూ మరిది కాలు తొక్కింది.

"తెలియకేం," అంది.